నాలుగంగుళాల గీత

ఒక మనిషి మీద పదహారేళ్లు పగ పట్టి బతకడం ఏమంత కష్టం కాదు. అలవాటైపోతుంది. పొద్దున లేచి కాఫీ పెట్టుకుంటూ రోలీ హాస్కెట్‌ని మనసారా నాలుగు తిట్టుకుంటే గానీ నాకు రోజు మొదలయ్యేది కాదు. చర్చిలో వాడు రెండో వరసలో కూర్చునేవాడు. నేను ఐదో వరసలో కూర్చుని వాడి బట్టతల చూస్తూ ప్రార్థన చేసేదాన్ని. ఏం కోరుకునేదాన్నో దేవుడికి తెలుసు, ఆయన ఎవరికీ చెప్పడు.

మాది అయోవాలో బ్రెకన్. మూడు వేల జనం, ఒక కాలేజీ, ఆ కాలేజీకి ఒక ఫుట్‌బాల్ మైదానం. నలభై మైళ్ల అవతల హాల్వర్, వాళ్లకీ అంతే. ఈ రెండు కాలేజీల్లో ఆడే కుర్రాళ్లెవరూ రేపు టీవీలో కనబడేవాళ్లు కాదు. ఒకడు లెక్కల మేష్టారవుతాడు, ఇంకొకడు పశువుల డాక్టరవుతాడు. కానీ నవంబరు రెండో శనివారం బ్రెకన్‌కీ హాల్వర్‌కీ ఆట అంటే మాత్రం రెండూళ్లలోనూ పొయ్యి మీద గిన్నె ఉండదు, అందరూ మైదానంలోనే. గెలిచినవాళ్లు ఓ పాత బోరింగు పంపు ఇనప పిడిని పట్టుకుపోయి తమ రంగు పూసుకుంటారు. మాది పచ్చ, వాళ్లది ఎరుపు. ఆ తుప్పు ముక్క కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు నాకు తెలుసు.

నా మొగుడు డెల్మర్ ఆ మైదానంలో పందొమ్మిదేళ్లు గొలుసు పట్టాడు. మా అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి చేత్తో పట్టుకుని నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్లకి. ఆ పది గజాలు కొలిచేది గొలుసు. రెండు చివర్లా రెండు కర్రలు, మధ్యలో ఒక క్లిప్పు. పట్టేది మా ఊరివాళ్లే, జీతం లేదు, మధ్యాహ్నం ఒక సాసేజి బన్ను మాత్రం ఉచితం. మైదానానికి అడ్డంగా ఐదేసి గజాలకి ఒక తెల్లగీత ఉంటుంది. పక్కన గొలుసు పరిచినప్పుడు క్లిప్పుని దగ్గర్లో ఉన్న గీత వెనకంచుకి సరిగ్గా తగిలిస్తారు. అనుమానం వచ్చి రెఫరీ మైదానం మధ్యకి రమ్మంటే, గొలుసు మోసుకెళ్లి మళ్లీ అదే గీత వెనకంచుకి ఆ క్లిప్పు ఆనించాలి. గీత వెడల్పు నాలుగంగుళాలు. పొరపాటున ముందంచుకి ఆనించారా, గొలుసు మొత్తం నాలుగంగుళాలు ముందుకు జరిగిపోతుంది. ఆ క్లిప్పు పట్టేవాడు డెల్మర్.

పదహారేళ్ల కిందట హాల్వర్‌తో ఆటలో ఆఖరి నిమిషంలో మాకు కొలత పడింది. డెల్మర్ క్లిప్పు పెట్టాడు, గొలుసు లాగారు, బంతి నాలుగంగుళాలు తక్కువొచ్చింది. ఓడిపోయాం. అది అక్కడితో అయిపోవలసింది. కానీ స్టాండులో పై వరసలో కూర్చున్న రోలీ హాస్కెట్ లేచి నిలబడి అరిచాడు. "ముందంచుకి పెట్టాడు! నా కళ్లారా చూశాను! నాలుగంగుళాలు తక్కువొచ్చింది, గీత వెడల్పూ నాలుగంగుళాలే, ఇంకా అర్థం కాలేదా మీకు!"

అంతే. ఓడినవాళ్లకి ఒక మనిషి దొరికితే చాలు. డెల్మర్ వాళ్లమ్మది హాల్వర్ అని ఒకరు గుర్తుచేశారు. రక్తం ఎటు లాగుతుందో చూడండి అని ఇంకొకరు అన్నారు. సోమవారానికల్లా ఊరంతా డెల్మర్ గొలుసు జరిపాడని తీర్మానించేసింది. మా ఆయన ఆ రోజుల్లో ఉత్తరాలు పంచేవాడు. ఊరి చుట్టూ ఉన్న పొలాల ఇళ్లన్నిటికీ ఆయనే పోస్ట్‌మాన్. ఏటా డిసెంబరులో జనం ఉత్తరాల డబ్బాల్లో ఆయన కోసం బిస్కట్లు, జామ్ సీసాలు పెట్టేవాళ్లు. ఆ డిసెంబరులో నూట పన్నెండు డబ్బాలు తెరిచాడు, ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. మా గుమ్మం ముందు మాత్రం ఎవరో తెల్లరంగు డబ్బా పెట్టి పోయారు. ‘ఈసారి అంచు చూసుకో’ అని చీటీ. ఆ రంగు అమ్మేది ఊళ్లో ఒక్క షాపే, అది రోలీదే.

మరుసటేడు గొలుసు జట్టులోంచి డెల్మర్ని తీసేశారు. ఆ చోటు ఎవరికిచ్చారనుకున్నారు? రోలీకే. తర్వాత జట్టుకి పెద్దని చేసి ముందు కర్ర కూడా వాడి చేతికే ఇచ్చారు. నాకు కడుపు మండిపోయింది, ఇప్పటికీ చల్లారలేదు.

డెల్మర్ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆట ఉన్న ప్రతి శనివారం గరాజులో రేడియో ముందు కూర్చుంటాడు. రమ్మని పిలిస్తే ఒకటే జవాబు. "గొలుసు పట్టడానికి పిలిస్తే వస్తా ఆర్డీ. ఊరికే చూడ్డానికి రాను." ఆయనకి కావలసింది అదొక్కటే. తన చోటు తనకి రావడం. డెబ్బై ఒకటి దాటినా ఎవరో పిలుస్తారనే అనుకుంటూ కూర్చున్నాడు.

నాకు కావలసింది వేరు. డెల్మర్ సరిగ్గానే పెట్టాడని ఊరంతా వినేట్టు రోలీ నోటితోనే అనిపించాలి. అందుకే నేను ఒక్క ఆటా మానలేదు. నేను మానేస్తే వాళ్లే గెలిచినట్టు.

* * *

హాల్వర్‌తో ఆటనాడు, ఆ శనివారం పొద్దుటి నుంచీ ముసురు. గీతల సున్నం సగం కొట్టుకుపోయింది. నేనూ బెర్నడీనూ తొమ్మిదో వరసలో, ఒకే దుప్పటి మోకాళ్ల మీద కప్పుకుని కూర్చున్నాం. ఆ పాడుకాలంలో మా ఇంటికి రావడం మానని ఒకే ఒక్క మనిషి బెర్నడీన్. ఒళ్లో మాంసం, చిక్కుడుగింజలు వేసి ఉడికించిన చిల్లీ గిన్నె, దాల్చిన చెక్క రొట్టెల పళ్లెం.

అవతల హాల్వర్ స్టాండు ఎర్రగా మండుతోంది. "ఏమయ్యా బ్రెకన్! ఐదేళ్లయింది, మీ పచ్చరంగు డబ్బా ఎండిపోలేదూ? కాస్త కిరసనాయిలు పంపించమంటారా?"

"మీ గోల్ కీపర్లు, మీ గోలలు మీరే ఉంచుకోండి!" అని బెర్నడీన్ అరిచింది.

"ఒసే, ఈ ఆటలో గోల్ కీపరు ఉండడే," అన్నాను.

"ఉండకపోతేనేం, తిట్టు తిట్టేగా!"

రెండో భాగం మొదలవబోతుండగా మైకులో పిలుపు వచ్చింది. గొలుసు జట్టులో క్లిప్పు పట్టే లానీ బురదలో జారి మడమ మెలిపెట్టుకున్నాడట. పని తెలిసినవాళ్లెవరైనా కంచె దగ్గరికి రావాలట. స్టాండులో ఎవరూ కదల్లేదు. ఎందుకు కదులుతారు? గొలుసు పట్టినవాళ్లు అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు, రెఫరీని తిట్టకూడదు. హాల్వర్ ఆటనాడు నోరు కట్టేసుకుని నిలబడమంటే ఎవరికి చేతనవుతుంది?

నేను దుప్పటి తీసి బెర్నడీన్ మీద పడేశాను.

"ఎక్కడికే?"

"క్లిప్పు పట్టడానికి."

"నీకు మతిపోయిందా? అవతల కర్ర పట్టేది రోలీ!"

"తెలుసు," అన్నాను.

పందొమ్మిదేళ్లు డెల్మర్ వంటింటి గచ్చు మీద తాడు పరిచి నాకు చూపించిన పనే అది. వెనకంచు, వెనకంచు, వెనకంచు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కంచె దగ్గర రోలీ నారింజరంగు చేతుల్లేని కోటు నాకందిస్తూ నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వా! ఇంకెవరూ దొరకలేదా?"

"ఎవరూ రాలేదు. నీ మొహం చూడ్డానికి ఎవరికీ మనసొప్పినట్టు లేదు."

"చూడమ్మా ఆర్డిత్, పాతవన్నీ ఇప్పుడు తవ్వకు. అయిపోయిందేదో అయిపోయింది. కళ్లజోడు తెచ్చుకున్నావా?"

"నీ బట్టతల మెరుస్తోందిగా, ఆ వెలుగు చాల్లే."

పక్కన కర్ర పట్టుకున్న పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. రోలీ మొహం ఎర్రబడింది. ‘అయిపోయిందేదో అయిపోయింది’ అట! దెబ్బ కొట్టినవాడికి ఎప్పుడూ అయిపోయే ఉంటుంది.

ఆ తర్వాత గంటన్నర నా జన్మలో ఎప్పుడూ ఉండనంత మౌనంగా ఉన్నాను. మా కుర్రాళ్లు ఒకటి కొడితే వాళ్లు రెండు కొట్టారు. మళ్లీ మావాళ్లు అందుకున్నారు. నా వెనక స్టాండు ఊగిపోతోంది. నా నాలుక నా పళ్ల మధ్యే ఉంది. చివరికి వాళ్లవి ఇరవైనాలుగు, మావి ఇరవై ఒకటి. యాభై సెకన్లు మిగిలాయి. బంతి మాది, వాళ్ల గడప దగ్గరికి వెళ్లిపోయాం. నాలుగో ప్రయత్నం, ఇంకా గజమున్నర కావాలి. వస్తే బతుకుతాం, రాకపోతే ఆట అయిపోయినట్టే.

బంతి ముప్పైమూడో నంబరు కుర్రాడి చేతికిచ్చారు. వాడు తల వంచి మనుషుల గుట్టలోకి దూరాడు. ఈల మోగింది. ఒక్కొక్కర్నీ లాగి లేపితే అడుగున వాడు, వాడి పొట్ట కింద బంతి. పెద్ద రెఫరీ బంతిని నేల మీద పెట్టి, తల గోక్కుని, చేతులు రెండూ పైకెత్తి మావైపు తిప్పాడు. గొలుసు తీసుకురండి.

నాలుగు వేలమంది ఉన్న చోట చినుకుల చప్పుడు వినబడింది.

క్లిప్పు గొలుసుని వదలకుండా రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని నడిచాను. ముందు రోలీ, తన కర్ర పట్టుకుని. ఇరవై గజాల గీత దగ్గర చిన్న రెఫరీ నా కోసం ఆగాడు. గీత బురదలో సగం కలిసిపోయింది. వెనకంచు నాకు కనబడింది. ముందంచూ కనబడింది. అబద్ధం ఎందుకు, రెండూ చక్కగా కనబడ్డాయి.

ముందు వెళ్తున్న రోలీ వీపు చూశాను. గొలుసు చివర పట్టుకుని లాగేది వాడు. అందరి కళ్లూ ఉండేది వాడి చేతి మీదే. క్లిప్పు దగ్గర వంగిన ముసలిదాన్ని ఎవరు చూస్తారు? ఇప్పుడు బంతి తక్కువొస్తే ఆ స్టాండు ఎవరి మీద పడుతుంది? ఆ రోజు మా ఆయన ఎక్కడ నిలబడ్డాడో సరిగ్గా అక్కడ వీడు నిలబడతాడు. ఒక్కడే నిలబడతాడు. ఊరంతా ఒక మనిషిని చూసి ఉమ్మితే ఎలా ఉంటుందో తెలుసుకుంటాడు.

ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందంటారా? మోకాలు వంచి నేలకి ఆనించినంతసేపు.

క్లిప్పు ముందంచుకి ఆనించాను.

చిన్న రెఫరీ వంగి చూశాడు. వాడి కళ్లద్దాల మీద వాన. "వెనకంచేనా అమ్మా?"

"వెనకంచే," అన్నాను.

వాడు క్లిప్పు పక్కన బూటు అదిమి పెట్టి చెయ్యెత్తాడు. అవతల రోలీ గొలుసు బిగించి లాగి కర్ర దించాడు. పెద్ద రెఫరీ మోకాళ్ల మీద కూర్చుని, నేలకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. లేచాడు. రెండు వేళ్లు పైకెత్తి మధ్యలో సందు చూపించాడు. రెండంగుళాలు తక్కువ.

రెండంగుళాలు తక్కువొచ్చిందంటే, నిజానికి రెండంగుళాలు ఎక్కువే వచ్చినట్టు. ఆ లెక్క ఆ మైదానంలో నాకొక్కదానికే తెలుసు.

హాల్వర్ స్టాండు విరుచుకుపడింది. ఎర్రటోపీలు గాల్లోకి లేచాయి. ముప్పైమూడో నంబరు కుర్రాడు బురదలో మోకాళ్ల మీద కూర్చుండిపోయి హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని ఏడుస్తున్నాడు. నేనటు చూడలేదు. చూస్తే ఏమవుతానో తెలుసు, అందుకే చూడలేదు.

* * *

ఆట ముగిసి మేం కంచె దగ్గరికి వచ్చేసరికి మావాళ్లంతా అక్కడే ఉన్నారు. నేను అనుకున్నట్టే అయింది, అంతకంటే బాగా అయింది.

"రోలీ! అంత బిగించి లాగకపోతే నీ సొమ్మేం పోయిందిరా?"

"చేతిలో కర్ర ఉంటే చాలు, ఊరి కొంప ముంచుతావా!"

"వాడి చెల్లెలు కాపురం హాల్వర్‌లోనేగా! బావమరిదితో ముందే మాట్లాడుకునుంటాడు!"

ఎవరో సగం తాగిన చాక్లెట్ పాల గ్లాసు విసిరారు. రోలీ కోటు మీద పడి కారింది. వాడి మొహంలో రంగు లేదు. నలభై ఏళ్లుగా వాడి షాపులో మేకులు కొనుక్కెళ్లిన చేతులే వాడి వైపు వేళ్లు చూపిస్తున్నాయి. ఆహా! పదహారేళ్లు ఆకలితో ఉన్నవాళ్ల ముందు విస్తరి వేసినట్టుంది నాకు. కళ్లార్పకుండా చూశాను.

"నేనేం చేశానయ్యా?" రోలీ గొంతు చీరుకుపోయింది. "గొలుసు పదిగజాలు, పదిగజాలే ఉంటుంది! నేను లాగితే సాగుతుందా? గొలుసు అబద్ధం చెప్పదు!"

నేను ముందుకు వెళ్లి వాడి ఎదురుగా నిలబడ్డాను.

"ఆ మాట మళ్లీ అను రోలీ. పై వరసకి వినబడలేదు."

వాడు నా వైపు చూశాడు. నీళ్లలో మునిగేవాడికి ఎవరి చెయ్యైనా సరే.

"నువ్వు చెప్పు ఆర్డిత్! నువ్వే కదా క్లిప్పు పెట్టింది. సరిగ్గానే పెట్టావని చెప్పు వీళ్లకి!"

"చెప్తాను. ముందు నువ్వు చెప్పు. గొలుసు అబద్ధం చెప్పదన్నావే, మరి డెల్మర్ పట్టిన గొలుసు సంగతేమిటి?"

గోల తగ్గింది. మా ఊళ్లో ఆ పేరు పదహారేళ్లుగా ఎవరూ పైకి అనరు. కంచె అవతల ఇంకో గ్లాసు లేచింది. రోలీ మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"సరిగ్గానే పెట్టాడు," అన్నాడు.

"గట్టిగా."

"డెల్మర్ సరిగ్గానే పెట్టాడు! నేను పై వరసలో ఉన్నా, అక్కణ్ణించి అంచు ఎవడికి కనబడుతుంది? ఓడిపోయామన్న కచ్చలో అరిచేశా. నలుగురూ అందుకున్నారు. తర్వాత ఎలా వెనక్కి తీసుకోవాలో తెలీలేదు. చాలా? ఇప్పుడు చెప్పు వీళ్లకి!"

బెర్నడీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"క్లిప్పు సరిగ్గానే పెట్టాను," అన్నాను గట్టిగా, అందరికీ వినబడేట్టు. "ఓడిపోయాం. ఇళ్లకి పొండి."

జనం ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చారు. డెల్మర్‌కి చెప్పమ్మా, మేం తప్పు చేశాం, అన్నారు. ఆ ఏడాది గుమ్మం తొక్కడం మానేసిన ఆడవాళ్లు నా చేతులు పట్టుకున్నారు. బెర్నడీన్ రొట్టెల పళ్లెం మొత్తం నా చేతిలో పెట్టి, "డెల్మర్‌కివ్వు, ఒక్కటి కూడా నువ్వు తినకు," అంది.

* * *

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. డెల్మర్ గరాజులోనే ఉన్నాడు, రేడియో కట్టేసి ఉంది. నేను కోటైనా విప్పకుండా అంతా చెప్పేశాను. క్లిప్పు పట్టడానికి దిగడం, కొలత, గ్లాసు, రోలీ మాటలు పొల్లుపోకుండా, వాడి గొంతుతో సహా. నవ్వుతూ చెప్పాను, మధ్యలో ఏడ్చాను కూడా.

ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని విన్నాడు. సరిగ్గానే పెట్టాడని రోలీ అన్న చోట కళ్లు మూసుకున్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు, భుజాలు కదిలాయి. నలభై నాలుగేళ్ల కాపురంలో నేనాయన ఏడుపు చూసింది అదే మొదలు. ఇదిగో, దీనికోసమే కదా, అనుకున్నాను.

కాసేపటికి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

"పాపం, రెండంగుళాలే తక్కువొచ్చిందా?"

"రెండే."

"రేడియోలో వాడు కూడా దాటేసిందనే అనుకున్నాడు. ఏ గీత దగ్గర పెట్టావు?"

"ఇరవై."

"వానకి గీత చెదిరిపోయుంటుందే."

"కనబడింది."

"వెనకంచుకేగా?"

రెఫరీకి చెప్పాను. ఊరందరి ముందూ చెప్పాను. అవునని ఒక్క మాట, మూడోసారి అనడానికేముంది? నోరు తెరిచాను. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు, పొలాల దారుల్లో చిరునామా చదివేటప్పుడు చూసినట్టు, తొందర లేకుండా. మాట రాలేదు.

"ఆర్డీ," అన్నాడు.

"వాడు నిన్నేం చేశాడో మర్చిపోయావా? నూట పన్నెండు డబ్బాలు! నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు! ఊరికే అడిగితే వాడు నిజం చెప్పేవాడా? పదహారేళ్లలో చెప్పాడా?"

ఆయన పీట మీంచి మెల్లగా లేచి, గోడకి ఒక చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అరిచి ఉంటే బాగుండేది. నేనూ అరిచేదాన్ని.

అప్పుడే ముందు తలుపు తట్టారు.

నేనే వెళ్లి తీశాను. గుమ్మంలో రోలీ. టోపీ చేతిలో ఉంది, కోటు మీద చాక్లెట్ పాల మరక ఇంకా తడిగానే ఉంది. వాడి వెనక రోడ్డు మీద మూడు కార్లు ఆగి ఉన్నాయి, మనుషులు దిగి నిలబడ్డారు. గొలుసు జట్టువాళ్లు, కాలేజీలో ఆటలు చూసుకునే ఆయన. డెల్మర్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"డెల్మర్," అన్నాడు రోలీ. "ఎన్నిసార్లు చెప్పినా చాలదని తెలుసు. తప్పు నాదే. జట్టుకి పెద్దగా ఇవాళ్టితో మానేస్తున్నా. వీళ్లందరితో మాట్లాడే వచ్చాను. వచ్చే సెప్టెంబరు నుంచి నీ చోటు నీదే. క్లిప్పు నువ్వే పట్టుకోవాలి. నువ్వు వస్తానంటే..."

ఆటలు చూసుకునే ఆయన ముందుకొచ్చి కొత్త నారింజరంగు కోటు రెండు చేతులా పట్టుకుని అందించాడు.

పదహారేళ్లు గరాజులో కూర్చుని మా ఆయన ఎదురుచూసింది ఆ కోటు కోసమే. ఆయన చెయ్యి కొద్దిగా పైకి లేవడం నేను చూశాను. తీసుకో, తీసుకో, అని లోపల గొంతు చించుకున్నాను. తీసుకుంటే నేను చేసినదానికి ఒక అర్థం ఉంటుంది.

ఆయన చెయ్యి దించేశాడు.

"వద్దు రోలీ," అన్నాడు. "మా ఇంట్లోవాళ్లు క్లిప్పు పట్టకూడదు."

రోలీకి అది కోపం అనిపించింది. తల ఇంకా వంచేసుకుని, "అలా అంటావని తెలుసు, అనడానికి నీకు హక్కుంది," అంటూ మళ్లీ క్షమాపణ మొదలుపెట్టాడు. వెనక నిలబడ్డవాళ్లు కూడా తలలు దించుకున్నారు. ఎంత అభిమానవంతుడో చూడండి అనుకుంటున్నట్టు వాళ్ల మొహాలే చెప్తున్నాయి.

డెల్మర్ వాడి భుజం మీద చెయ్యి వేసి, ఆ మాటలన్నీ ఓపిగ్గా విన్నాడు. వాళ్లు వెళ్లాక తలుపు వేశాడు. నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లి ఇద్దరికీ పళ్లేలు పెట్టాడు.